మిల్లుకు వెళ్లే ముందు: పనివాళ్లతో కలిసి పరిశోధన ఎలా చేయాలి

ముందు ఆ ప్రశ్నావళిని బ్యాగులోనే ఉంచండి. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గడులు, ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అస్సలు ఒప్పుకోను’ దాకా. రైస్ మిల్లు ఆపరేటర్ చేతికి అదిస్తే ఆయన చేసేది ఒకటే. మీరు తొందరగా వెళ్లిపోవాలని మధ్య గడిలో పైనుంచి కిందికి టిక్కులు కొట్టేస్తాడు. అలా నింపిన కాగితాల కట్ట ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఎందుకూ పనికిరాలేదు, పారేయడానికి మనసొప్పలేదు.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. నల్గొండ జిల్లాలో రైస్ మిల్లులు నడిపేవాళ్లతో కలిసి నాలుగైదు సీజన్లు పనిచేశాను. కాలేజీ మనిషి, పనిచోట మనిషి కలిసి ఒక పరిశోధన చేయాలంటే ఏ వరసలో వెళ్లాలో రాస్తున్నాను. ఉదాహరణలన్నీ మిల్లువే. మీది ఆస్పత్రి వార్డు కావచ్చు, బస్ డిపో కావచ్చు, మగ్గాల షెడ్డు కావచ్చు. పేర్లు మార్చుకుని చదువుకోండి, చాలావరకు సరిపోతుంది.

1. రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టండి

యాసంగి (రబీ) వడ్లు కొనుగోలు సెంటర్లకు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. మనకు పరీక్షలు, పేపర్లు దిద్దడం, ఆ తర్వాత సెలవులు కూడా సరిగ్గా అప్పుడే. జులైలో తీరిగ్గా ప్రాజెక్టు మొదలుపెడితే ఆ వడ్లు అప్పటికే కల్లంలో ఎండి, వానకు తడిసి, గోదాములో నెలలు గడిపి ఉంటాయి. మీరు చూడాల్సింది జరిగిపోయి ఉంటుంది.

కాబట్టి డిసెంబర్‌లో పరిచయం చేసుకోండి. ఫిబ్రవరి కల్లా ఒప్పందం అయిపోవాలి. ఏప్రిల్ మొదటి వారానికి తేమ మిషన్, త్రాసు, నోట్‌బుక్ సిద్ధంగా ఉండాలి. విద్యార్థుల్లో మూడో ఏడాది పిల్లల్ని తీసుకోండి. నాలుగో ఏడాదివాళ్లు ఉద్యోగాల టెన్షన్‌లో ఉంటారు, జూన్‌కి ఊళ్లు దాటి వెళ్లిపోతారు. మూడో ఏడాదివాళ్లు వచ్చే సీజన్‌కీ ఉంటారు, ఆ తర్వాతి బ్యాచ్‌కి పని నేర్పి పోతారు.

2. మొదటి మూడు రోజులు ఊరికే నిలబడండి

పరికరాలేవీ తీసుకెళ్లకండి. ఈ మాట అనుభవం మీద చెప్తున్నాను. మొదటిసారి తేమ మిషన్ చేత్తో పట్టుకుని గేటు లోపలికి వెళ్లాను. బస్తాలు మోస్తున్న హమాలీలు మాటలు ఆపేశారు. గుమస్తా ఎదురొచ్చి “ఏ డిపార్ట్‌మెంటు సార్?” అన్నాడు. నేను కాలేజీ ధోరణిలో “మెకానికల్” అన్నాను. ఆయన మొహం ఇంకా పాలిపోయింది. సివిల్ సప్లయిస్ తెలుసు, తూనికలు కొలతలు తెలుసు, విజిలెన్స్ తెలుసు, ఈ మెకానికల్ కొత్తగా ఎప్పుడు వచ్చిందా అని. ఆ రోజు మాకు కుర్చీలు వేశారు, కూల్‌డ్రింకులు తెప్పించారు, ఒక్క నిజం కూడా చెప్పలేదు.

రెండోసారి ఖాళీ చేతులతో వెళ్లి, వడ్ల పొట్టు తీసే షెల్లర్ పక్కన నిలబడ్డాను. లారీలోంచి ఒక సంచి విప్పగానే ఆపరేటర్ నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికాడు. టక్కున విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే పచ్చి ఉన్నట్టు. “పదహారుంటది” అన్నాడు, తేమ శాతం. అంతవరకు నాకు తెలిసిన విద్యే, పల్లెల్లో అందరూ చేసేదే. ఆ తర్వాత చేసింది తెలియదు. ఒక వడ్లగింజను గోళ్ల మధ్య నలిపి పొట్టు తీశాడు. లోపలి గింజను ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. గింజ నడుమ అడ్డంగా, వెంట్రుకంత సన్నటి గీత. “ఇది మిషన్ల పడకముందే ఇరిగింది సార్. పేరు మాత్రం మా మిల్లుకొస్తది.”

ఆ ఒక్క వాక్యంలో మా రెండేళ్ల పరిశోధన ఉంది. ప్రశ్నావళిలో దానికి గడి లేదు.

నిలబడిన ఆ మూడు రోజుల్లో రాసుకోవాల్సినవి: ఎవరు ఎవరిని ఏమడుగుతున్నారు, మిషన్ ఎప్పుడెప్పుడు ఆగుతోంది, దేనికి విసుక్కుంటున్నారు, ఏ పుస్తకంలో ఏం రాస్తున్నారు. వాళ్లు రోజూ రాసే పుస్తకం ఒకటి ఎక్కడైనా ఉంటుంది. దాన్ని మించిన డేటా మీరు కొత్తగా పుట్టించలేరు.

3. గోడును ప్రశ్నగా మార్చండి

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. తొందరపడకండి.

యజమాని గోడు: యాసంగి వడ్లతో నష్టం. సీఎంఆర్ కింద, అంటే ప్రభుత్వం కొన్న వడ్లను మిల్లు ఆడించి బియ్యంగా తిరిగిచ్చే ఏర్పాటు కింద, క్వింటాల్ వడ్లకు 67 కిలోల రా రైస్ (పచ్చి బియ్యం) తిరిగివ్వాలి, వడ్లను ముందే ఉడకబెట్టి ఆడించే బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం, గింజ తక్కువ విరుగుతుంది) అయితే 68. రా రైస్‌లో నూక 25 శాతానికి మించకూడదన్నది చాలా ఏళ్లు నడిచిన నిబంధన. ఎండాకాలపు వడ్లు ఆ గీత దాటేస్తాయి. 2021-22లో రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య నడిచిన పెద్ద గొడవలోనూ ఈ నూక ఉంది. యాసంగి వడ్లను బాయిల్డ్‌గానే తీసుకోండని రాష్ట్రం, నిల్వలు చాలా ఉన్నాయి, రా రైసే ఇవ్వండని కేంద్రం.

ఆపరేటర్ గోడు: గింజ ముందే పగిలి వస్తోంది, తిట్లు నాకు.

నా కోరిక: పాలిషర్‌లో ఒత్తిడి మీద ఒక లెక్క అప్పటికే సగం రాసి పెట్టుకున్నాను, దానికి ఒక మిల్లు దొరికితే బాగుండు. కాలేజీవాళ్లు చాలామంది ఇలాగే వెళ్తారు. జవాబు జేబులో ఉంటుంది, దానికి తగిన ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని తిరుగుతుంటారు.

మూడూ బల్ల మీద పెట్టి రెండు సాయంత్రాలు మాట్లాడుకున్నాక తేలిన ప్రశ్న ఇది: ఈ నూకలో ఎంత భాగం మిల్లు గేటు దాటకముందే పగిలిన గింజలది, ఎంత భాగం మన మిషన్లది? పుస్తకాల్లో దీనికి ఆధారం ఉంది. గింజ బాగా ఎండిపోయి, మళ్లీ రాత్రి మంచుకో వానకో తేమ పీల్చుకుంటే పైపొర ఉబ్బుతుంది, లోపలి భాగం అలాగే ఉంటుంది, ఆ లాగుడుకు మధ్యలో చీలిక వస్తుంది. మరీ వేగంగా ఎండబెట్టినా అంతే. అయితే మన ఎండలో, మన కాటన్‌దొర సన్నాల రకం వడ్లలో, ఈ మిల్లులో ఎంత అన్నది ఏ పుస్తకమూ చెప్పదు.

మీ ప్రశ్న సరైనదో కాదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. పనిచోట మనిషిని అడగండి: “దీనికి జవాబు దొరికితే రేపు పొద్దున మీరు ఏం మారుస్తారు?” మా యజమాని వెంటనే చెప్పాడు: దించుకునేటప్పుడే చీలిక గింజలు లెక్కబెడతా, ఎక్కువున్న లాట్లను బాయిల్డ్‌కు మళ్లిస్తా. అలా ఠక్కున జవాబు రాకపోతే ఆ ప్రశ్న మీది, వాళ్లది కాదు. తర్వాత అదే ప్రశ్నను మీరు తిప్పి వేసుకోండి: ఈ జవాబు ఈ గేటు బయట ఇంకెవరికైనా కావాలా? వద్దంటే అది కన్సల్టెన్సీ. తప్పేం లేదు, బిల్లు వేసి చేసిపెట్టండి, పరిశోధన అని మాత్రం పిలవకండి.

ఇలా కలిసి ప్రశ్న తయారుచేయడం కొత్త ఫ్యాషన్ కాదు. బ్రిటన్ బొగ్గు గనుల్లో కొత్త యంత్రాలు వచ్చినా ఉత్పత్తి ఎందుకు పెరగడం లేదో వివరిస్తూ 1951లో లండన్ టావిస్టాక్ సంస్థకు చెందిన ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ ఒక వ్యాసం రాశారు. అందులో బామ్‌ఫోర్త్ ఒకప్పుడు స్వయంగా గనిలో పనిచేసినవాడు. అదే టావిస్టాక్ సంస్థ నుంచి ఏ.కె. రైస్ అహ్మదాబాద్ క్యాలికో మిల్లుకు వచ్చి, 1953లో ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో పనిచేశాడు. అక్కడా గోడు మనం విన్నదే: మగ్గాలు కొత్తవి, ఫలితం మాత్రం అనుకున్నంత లేదు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క పని ఇచ్చే బదులు, కొన్ని మగ్గాలకు ఒక చిన్న గ్రూపు బాధ్యత తీసుకుంటే ఎలా ఉంటుందన్నది రైస్ ఆలోచన. దాన్ని చేతిలోకి తీసుకుని గ్రూపులు కట్టుకున్నది మాత్రం పనివాళ్లే. ఆ ఊళ్లోనే 1947లో మిల్లులన్నిటికీ కలిపి అటిరా అనే పరిశోధన సంస్థ పుట్టింది, దాని వెనక విక్రం సారాభాయ్ ఉన్నాడు. రాకెట్ల కంటే ముందు ఆయన చూసింది నూలు దారాలు.

4. మూడు అనుమతులు, మూడూ వేర్వేరు

యజమాని సరే అన్నాడంటే గేటు తెరుచుకుందని మాత్రమే అర్థం. సూపర్‌వైజర్ సరే అనాలి, ఎందుకంటే మీ వల్ల లైను ఆగితే మాట పడేది ఆయన. ఆపరేటర్, హమాలీ సరే అనాలి, ఎందుకంటే మీరు చూస్తున్నది వాళ్ల పని. వాళ్లను యజమాని ముందు అడగకండి. టీ బండి దగ్గర అడగండి. కాదనొచ్చని, కాదన్నా ఆ మాట మేం ఎవరికీ చెప్పబోమని నోరు తెరిచి చెప్పండి. మా దగ్గర ఇద్దరు కాదన్నారు. వాళ్లున్న షిఫ్టులో మేం కొలతలు తీయలేదు.

దుమ్ము వల్ల దగ్గు, ఊపిరితిత్తుల పరీక్ష లాంటివి చేయాలనుకుంటే సంగతి వేరు. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు ఉండాలి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదివి అప్లికేషన్ పెట్టుకోవాలి. కాలేజీలో కమిటీ లేకపోతే ఉన్న సంస్థను పట్టుకోండి. దీనికి ఎన్ని వారాలు పడుతుందో మీ చేతిలో ఉండదు కాబట్టి అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాల్సిన పని ఇదే.

5. ఒక పేజీ ఒప్పందం, తెలుగులో

ఎంఓయూ (అవగాహన ఒప్పందం) గురించి ఒక మాట. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ ఫైళ్ల కోసం కాలేజీలు ఎంఓయూలు చేసుకోవడం, ఫైలు పట్టుకుని ఫొటో దిగడం, ఆ ఫైలు మళ్లీ న్యాక్ టీమ్ వచ్చేదాకా తెరవకపోవడం మనందరికీ తెలిసిందే. అది కావాలంటే అదీ చేసుకోండి. పని నడిపేది మాత్రం ఇంకో కాగితం. అందులో ఇలాంటి వాక్యాలుండాలి:

“మిల్లు పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు వాళ్లు ఒప్పుకుంటే తప్ప ఎక్కడా రాయం.”
“ఏ షిఫ్టులో ఎంత నూక వచ్చిందన్న లెక్క యజమానికి గానీ ఇంకెవరికి గానీ మనిషి వారీగా ఇవ్వం.”
“నమూనాకు తీసుకున్న బియ్యం ప్రతిరోజూ తూచి రాస్తాం, నెలాఖరుకు డబ్బు కడతాం.”
“డ్యూటీ అయ్యాక మా కోసం ఆగితే గంటకు ఇంత ఇస్తాం.”
“ఫలితాలు ముందు మిల్లులో చెప్తాం, తర్వాతే బయట.”
“ఎవరికి వద్దనిపించినా ఏ రోజైనా ఆపేయొచ్చు.”

రెండో వాక్యం మీద యజమానితో పేచీ వస్తుంది. మాకూ వచ్చింది. రాత్రి షిఫ్టువాడి తప్పు దొరికితే చెప్పరా అని అడిగాడు. చెప్పనని అన్నాను. ఆ వాక్యం తీసేస్తే ఏ ఆపరేటరూ మాకు నిజం చెప్పడని, తప్పుడు లెక్కలతో మీరే నష్టపోతారని వివరించాక సంతకం పెట్టాడు. అక్కడ మెత్తబడకండి.

6. కొలవండి, కానీ వాళ్లనే అడిగి

కొలత పద్ధతి వినడానికి సులువు. ఒక లాట్‌లో చాలా సంచుల నుంచి గింజలు తీసి కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకుని మళ్లీ కలిపి, చేతికందేంత చిన్నదయ్యేదాకా అలా తగ్గించాలి. మిల్లు ఆడించిన బియ్యం 100 గ్రాములు తూచి నూక వేరు చేయాలి. పూర్తి గింజలో నాలుగింట మూడు వంతుల కన్నా చిన్న ముక్కయితే నూక. చెప్పినంత సులువు కాదు. ఒకే 100 గ్రాములను మా విద్యార్థిని, ఆపరేటర్ విడివిడిగా ఏరితే రెండు లెక్కలు కలవలేదు. ఆ అమ్మాయి కళ్లకు ముక్కలైనవి ఆయన కళ్లకు బియ్యమే. కొనేవాడు దేన్ని నూక అంటాడో ఆయనకు తెలుసు, రూలు పుస్తకం ఏమంటుందో ఈ అమ్మాయికి తెలుసు. ఇద్దరూ కూర్చుని తేడా వచ్చిన గింజలను ఒక్కొక్కటీ గ్రాఫ్ కాగితం మీద పెట్టి చూసుకున్నాక లెక్క దగ్గరికొచ్చింది. ఒక పూట పోయింది. ఆ పూట పోగొట్టుకోకపోతే తర్వాత తీసిన కొలతలన్నీ పోయేవి.

ఇక నా తప్పు. రెండు వారాలు కొలిచాక గ్రాఫ్ గీశాను. మొదటి వారం నూక ఎక్కువ, రెండో వారం బాగా తక్కువ. రెండో వారం వడ్లను ఎండబెట్టాక ఒక రోజు నిలవ ఉంచి పట్టించాం కాబట్టి ఆ నిలవ ఉంచడం వల్లే అని తేల్చేశాను. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి గర్వంగా చూపించాను. ఆపరేటర్ కాసేపు చూసి నవ్వు ఆపుకుంటూ అన్నాడు: “సార్, మంగళవారం రబ్బరు రోళ్లు మార్చినం.”

వడ్ల పొట్టు తీసేవి ఆ రోళ్లే. అరిగిన రోళ్లను కొత్త రోళ్లతో పోల్చి, ఆ ఘనత వడ్లకు కట్టబెట్టాను. ఆయన పుస్తకంలో ఆ తేదీ రాసే ఉంది. నేను అడగలేదు.

అప్పటినుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, వారాన్ని వారంతో పోల్చవద్దు. ఒకే లాట్‌ను రెండు భాగాలు చేసి, అదే మిషన్ మీద, అవే రోళ్లతో, ఒకేసారి కాకపోయినా ఒకే సెట్టింగు మీద పట్టించాలి. రెండు, నోట్‌బుక్‌లో తేదీ, లాట్, తేమ, నూక అనే గళ్ల పక్కన ‘ఇంకేమైనా’ అని పెద్ద ఖాళీ గడి ఉండాలి. అది ఆపరేటర్‌ది, మనం తాకకూడదు. అందులో వచ్చినవి: “కరెంటు మూడుసార్లు పోయింది.” “ఈ లాట్ రెండు రకాలు కలిసింది.” “వాన వచ్చిన మర్నాడు కొన్న వడ్లు.” చివరికి మాకు దారి చూపింది ఈ మూడో రకం మాటలే. వానకు తడిసి మళ్లీ ఎండిన లాట్లు మిగతావాటి నుంచి విడిపోయి కనిపించాయి.

7. ఫలితాలు ముందు మిల్లులో

పేపర్ పంపాక సమీక్షకులు తీరిగ్గా చదువుతారు, నెలలు పడతాయి. మిల్లుకు జవాబు వచ్చే సీజన్ లోపల కావాలి. అందుకని ముందు మిల్లులో, కాంటా పక్కన, అరగంట చెప్పండి. గ్రాఫులు వద్దు. చీలిక ఉన్న గింజలు, లేనివి రెండు గాజు సీసాల్లో పోసి చూపిస్తే పాతిక స్లైడ్ల పని అయిపోతుంది.

చేదు సంగతి ఉంటే దాచకండి, కానీ మిషన్ పేరు మీద చెప్పండి, మనిషి పేరు మీద కాదు. మా లెక్కలో మిషన్ల వాటా కూడా తక్కువేం కాదని తేలింది. యజమానికి అది నచ్చలేదు, తప్పంతా కల్లానిదే అని రాసుంటుందని ఆయన ఆశ. మేం నోట్‌బుక్ తెరిచి, ఏ లాట్‌లో గేటు దగ్గర ఎన్ని చీలిక గింజలు, పాలిషర్ తర్వాత ఎంత నూక అన్నది వరసగా చదివాం. వాదన ఆగింది. కోపం ఆగలేదు. ఆ వారం టీ రాలేదు.

ఒక జాగ్రత్త. పని మధ్యలో కొత్త పరికరం లాంటిదేమైనా పుడితే, పేటెంట్ ఆలోచన ఉంటే, సెమినార్‌లోనో వాట్సాప్‌లోనో పెట్టకముందే అప్లికేషన్ వేయండి. బయటపెట్టిన దానికి కొత్తదనం పోతుంది. అందులో ఆపరేటర్ చేయి ఉంటే ఆయన పేరు కూడా ఆవిష్కర్తగా ఉండాలి.

8. పేరు ఎవరిది?

ట్యూబ్‌లైట్ కింద గింజ పట్టి చూపించిన మనిషిని ‘కృతజ్ఞతలు’ కింద చిన్న అక్షరాల్లో తోసేయడం మన అలవాటు. వైద్య పత్రికలు పాటించే ఐసీఎంజేఈ నియమాల్లో రచయితకు నాలుగు షరతులున్నాయి: ఆలోచనలోనో డేటాలోనో గట్టి పాలు, రాతలోనో దిద్దడంలోనో భాగం, చివరి ప్రతికి ఆమోదం, బాధ్యత. మొదటిది ఉన్నవాళ్లకు మిగతా మూడింట్లో పాలుపంచుకునే అవకాశం ఇవ్వాలనీ అవే నియమాలు అంటాయి. ఇంగ్లిషు రాదు కదా అనే సాకు చెల్లదు. ముసాయిదాను తెలుగులో చదివి వినిపించండి. మేం ఒక ఆదివారం చదివాం. ఆపరేటర్ మూడు చోట్ల తప్పు పట్టాడు, మూడూ నిజమే. ఎవరు ఏం చేశారో చెప్పడానికి క్రెడిట్ అనే పద్ధతిలో 14 పాత్రలున్నాయి, ఆ పట్టిక ముందే నింపి పెట్టుకుంటే చివర్లో మొహమాటాలుండవు. మిల్లు వాడుకోనివ్వడం వనరుల కిందకు వస్తుంది, అది ఒక్కటే చేసినవారు రచయిత కారు. యజమానికి ఇది మొదట్లోనే చెప్పండి.

కాలేజీవాళ్లు పక్కన లేకపోతే పని ఆగిపోతుందని మాత్రం అనుకోకండి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం ఇంజనీరింగ్ చదవలేదు. పోచంపల్లి చీరకు ఆసు పోసీ పోసీ, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పీ తిప్పీ, తల్లి లక్ష్మి భుజాలు నొప్పి పడుతుంటే చూడలేక 1992లో మిషన్ కోసం మొదలుపెట్టి 1999లో పూర్తి చేశాడు, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేళ్లలో మోటార్ల సంగతి తెలిసిన లెక్చరర్ ఒకరు పక్కన కూర్చుని ఉంటే ఎన్నేళ్లు తగ్గేవో అని నాకనిపిస్తుంటుంది. ఇలాంటివాళ్లను ఊరూరా వెతికి పట్టుకునే పల్లె సృజన లాంటి సంస్థలతో మాట్లాడితే మీ జిల్లాలో ఎవరున్నారో తెలుస్తుంది.

కాలేజీ లోపలికే పనివాళ్లను తెచ్చుకునే దారి కూడా ఉంది. యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పదవికి మార్గదర్శకాలు ఇచ్చింది. కనీసం 15 ఏళ్ల అనుభవం, మంజూరైన పోస్టుల్లో 10 శాతం వరకు, మొత్తం మీద నాలుగేళ్లకు మించకుండా. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ఈ పదవికి కంపెనీల వైస్ ప్రెసిడెంట్లే గుర్తొస్తారు మనకు, షెల్లర్ దగ్గర ఇరవై ఏళ్లు నిలబడ్డవాళ్లు గుర్తురారు.

9. వచ్చేసేటప్పుడు

నోట్‌బుక్ అసలు ప్రతి మిల్లుకు ఇచ్చి జిరాక్స్ మీరు తెచ్చుకోండి, దీనికి తలకిందులుగా కాదు. ఫలితాన్ని ఒకే పేజీలో, పెద్ద అక్షరాల్లో, లామినేట్ చేయించి కాంటా దగ్గర గోడకు కొట్టండి. మాది ఇలా ఉంది: ‘20 గింజలు పొట్టు తీసి లైటుకు పట్టి చూడు. చీలికలు లెక్కబెట్టు. లాట్ పుస్తకంలో రాయి.’ కింద ఫోన్ నంబర్ వేయించేటప్పుడు మొదటి ఏడాది ఒక విద్యార్థి నంబర్ ఇచ్చాం. వాడు బెంగళూరు వెళ్లి సిమ్ మార్చేశాడు, యాసంగి మధ్యలో మిల్లువాళ్లు ఫోన్ చేస్తే ఎవరికో పోయింది. డిపార్ట్‌మెంటు ల్యాండ్‌లైన్ ఇవ్వండి, అటెండర్‌కి కూడా ఆ మిల్లు పేరు చెప్పి ఉంచండి.